బొగ్గు గీతల గుడ్లు

ఆ రోజు పొద్దున కోడలు అనుకున్న పనులు ఎన్నో లేవు. ఆవు పాలు పితకాలి, కూర మడులకు నీళ్లు పెట్టాలి, ఆ తర్వాత ఇన్ని నూకలు చెరిగి పళ్లెంలో పోసుకుని కోళ్ల గూటి దగ్గర కూర్చోవాలి. దొరసాని పొదుగుతున్న గుడ్లు ఆ రోజో మర్నాడో పిల్లలు కావాలి మరి. దొరసాని అంటే మనిషి కాదు, కోడి. మేత వేసిన చేతినే పొడిచే రకం కనక దానికా పేరు స్థిరపడిపోయింది.

ఇల్లు చిన్నది. దొడ్డి ఇంటికన్నా కాస్త పెద్దది. అందులో ఓ ఆవు, రెండు మేకలు, నాలుగు మడులు, కోళ్లు. కోడలి ప్రాణమంతా ఆ కోళ్ల మీదే. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో గూడు నిండా ఉండేవి. ఓ ముంగిస రుచి మరిగి సగానికి సగం పట్టుకుపోయింది. మిగిలినవి ముసలివైపోయి, గుడ్డు పెట్టాలంటే ముహూర్తం చూసుకుంటున్నాయి. సరే కదా అని కోడలు రెండుసార్లు గుడ్లు పొదగేసింది. మొదటిసారి కోడి మధ్యలోనే లేచి షికారుకు పోయింది. రెండోసారి గూటి కప్పు కారి గుడ్లన్నీ మురిగిపోయాయి. మూడోసారి వాళ్లక్క ఇంటి నుంచి మేలుజాతి గుడ్లు తెచ్చుకుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా గుడ్ల బదులు తనే ఎగిరిపడుతూ తెచ్చింది. వాటిని చూడగానే అత్తగారు తేల్చి చెప్పేసింది.

"ఇదే ఆఖరు. ఈసారీ పిల్లలవకపోతే ఆ గూడు పీకించి పొయ్యిలో పెట్టేస్తా. ఆ చోట రెండు బీరపాదులు వేస్తే కూరకైనా వస్తాయి. కోడికే చేతకాని పని నీకేం చేతనవుతుందే?"

"పొదిగేది నేను కాదు కదత్తయ్యా!"

"నీ ఆత్రం చూస్తుంటే అలాగే ఉంది."

ఆ ఇంట్లో గుడ్లకు ఓ పద్ధతుంది. పొదగేసిన గుడ్డు మీద బొగ్గుతో గీత గీస్తారు. అమ్మే గుడ్డును తడిగుడ్డతో తుడుస్తారు. ఆ తుడుపు ఉద్యోగం మామగారిది. ఆయన చేతికి గుడ్డ ముక్క ఇస్తే పొయ్యిలో పెట్టబోయే కట్టెను కూడా తుడిచి మరీ పెడతాడు.

కోడలు పాలచెంబుతో తిరిగొస్తూ గూట్లోకి తొంగి చూసింది. గంప ఉంది, గంపలో గడ్డి ఉంది, గుడ్లు లేవు. దొరసాని దొడ్లో తీరిగ్గా బూడిదలో పొర్లుతోంది. కోడలు పాలచెంబు అక్కడే దింపేసింది.

"మామయ్యా! గుడ్లేవీ?"

"ఇచ్చేశానమ్మా," అన్నాడు మామగారు అరుగు మీంచి, చెంబు తుడుచుకుంటూ. "బేకరీ ఆవిడ తెల్లవారుతూనే వచ్చింది. శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చా."

"ఏ గంపలోవి?"

"కింద ఉన్న గంపలోవి."

అమ్మే గుడ్ల గంప ఎప్పుడూ వంటింట్లో చూరుకు వేలాడుతూ ఉంటుంది. కింద ఉండేది పొదుగు గంప ఒక్కటే.

"వాటి మీద నల్లగా ఏమీ కనపడలేదా?"

"కనపడకేం! కొన్నిటికి మసి అంటుకుంది. నేనుండగా మసి ఉంటుందా?"

కోడలు గుమ్మంలోనే కూలబడింది. మూడు వారాలు పొదిగిన గుడ్లు! బేకరీ ఆవిడ వాటిని టకీమని గిన్నె అంచుకు కొట్టి పిండిలో వేసేస్తుంది. లోపల్నుంచి ఏం పడుతుందో! గూడు పోతుంది, గుడ్లు కొనే ఆవిడ పోతుంది, ఉన్న పరువు పోతుంది. అన్నిటికన్నా ముందు ఇవాళో రేపో కళ్లు తెరవాల్సిన పిల్లలు పోతాయి.

ఈ సంగతి అత్తగారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా! అదృష్టం బాగుండి అత్తగారు ఆ పొద్దున ఇంకా మంచం దిగలేదు. దొడ్లో కోడి కన్నా ముందు లేచే మనిషి, గోడవారగా ఒదిగి కూర్చుని మెడ దాకా దుప్పటి కప్పుకుంది.

"ఏమిటే ఆ గోల?" అంది లోపల్నుంచి.

"ఏం లేదత్తయ్యా! మీరు పడుకోండి. ఒంట్లో బాగాలేదా?"

"చలిగా ఉంది. నా జోలికి రాకండి. ఇంకో దుప్పటి మాత్రం ఇలా పడేయ్."

బయట ఎండ చుర్రుమంటోంది. కోడలికి వింతగానే తోచింది గానీ, ఎవరి గొడవ వాళ్లది. దుప్పటి ఇచ్చి బయటకు పరిగెత్తింది. మొగుణ్ణి మేకల దగ్గర్నుంచి లాక్కొచ్చి సైకిలెక్కించింది.

"ఎలాగోలా ఆ గుడ్లు వెనక్కి తెచ్చేయండి. పిల్లలున్నాయని మాత్రం చెప్పకండి. జన్మలో మన ఇంటి గుడ్డు ముట్టుకోదు."

"మరేం చెప్పను? నాకు అబద్ధాలు రావు కదే!"

"ఏమీ చెప్పకండి. అదైనా వచ్చా?"

అది కూడా రాలేదు. అతను వెళ్లేసరికి బేకరీ ఆవిడ గుడ్డు చేత్తో పట్టుకుని పిండిగిన్నె మీదికి వంగి ఉంది.

"ఆగక్కా! కొట్టకు!" అని వీధిలోంచే పొలికేక పెట్టాడు.

ఆవిడ అదిరిపడింది. "ఏమైంది తమ్ముడూ?"

"ఏం కాలేదు. ఆ గుడ్లు వాడొద్దు, అంతే."

"ఏం కాకపోతే ఎందుకు వాడొద్దు?"

"అది చెప్పొద్దంది మా ఆవిడ."

బేకరీ ఆవిడ గుడ్డును మెల్లగా బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుంది. "మీ అమ్మ కులాసాయేనా? పొద్దున మీ ఇంటికొస్తే అలికిడే లేదు."

"మంచంలో ఉంది. ఇంత ఎండలోనూ చలట. రెండు దుప్పట్లు కప్పుకుంది."

ఇంకేం కావాలి! గోరంత దొరికితే కొండంత చేయగల మనిషికి ఏకంగా చారెడు దొరికింది. "అయ్యో, పెద్దావిడ ఆ గుడ్లే తిన్నట్టుంది! పక్కింటి టైలరుకు రెండిచ్చానే, అట్టేసుకుని తినే ఉంటాడు!" అంటూ పరిగెత్తింది.

టైలరు అప్పటిదాకా కూనిరాగం తీస్తూ మిషను తొక్కుతున్నాడు. సంగతి వినగానే కాలు ఆగిపోయింది. నుదుటి మీద చెమట పోసింది. "నిజమే, పొద్దుట్నుంచీ ఏదో తేడాగానే ఉంది," అన్నాడు. ఆ పొద్దుట్నుంచీ అతను చేసిందల్లా రెండు జాకెట్లు కుట్టడం, కడుపునిండా తినడం.

ఆ తర్వాత కాసేపటికి కోడలు దొడ్డి వాకిలి తీసి చూస్తే ముందు సైకిలు మీద మొగుడు, వెనక బుట్టతో బేకరీ ఆవిడ, ఆవిడ వెనక కడుపు పట్టుకుని టైలరు, అతన్ని రెక్క పట్టుకుని నడిపిస్తూ మందుల సంచీతో ఆస్పత్రి నర్సమ్మ. నర్సమ్మ వెళ్తుంటే ఎవరింటికో చూడకుండా ఉండలేని నలుగురు.

"పెద్దమ్మ ఎక్కడ?" అంది నర్సమ్మ.

"పెద్దమ్మకేమైంది?" అంది కోడలు తెల్లబోయి.

"ఇంట్లో ఉండీ తెలీదా!" అంటూ నర్సమ్మ లోపలికి నడిచింది. అందరూ వెనకే నడిచారు.

అత్తగారు ఇంతమందిని చూసి దుప్పట్లు ఇంకా బిగించుకుంది. ముఖమంతా చెమటలు.

"ఎవరు పిలిచారు మిమ్మల్ని? నాకేం జబ్బు లేదు. దూరంగా ఉండండి!"

"ఒళ్లు కాలిపోతోంది, జబ్బు లేదంటావేం పెద్దమ్మా? ఏదీ, పడుకో. కడుపు నొక్కి చూడాలి."

"నొక్కుతావా!" అత్తగారు కెవ్వుమంది. "చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు! నొక్కడానికి ఇది పిండిముద్దనుకున్నావా?"

"అమ్మా, చూడనీవే," అని కొడుకు బతిమాలాడు.

"చిన్నప్పట్నుంచీ నీకేం తెలుసని చెబుతున్నావురా! అవతలికి పో!"

అంతలో ఎక్కడో "కిచ్" మంది.

మళ్లీ "కిచ్, కిచ్" మంది. అందరూ చెవులు రిక్కించారు. సందేహం లేదు, ఆ చప్పుడు వస్తున్నది అత్తగారి కడుపు దగ్గర్నుంచే.

టైలరు గోడకు చేరగిలపడిపోయాడు. "నేనూ అవే తిన్నానమ్మా, నాకేది దారి?" అని బావురుమన్నాడు.

అత్తగారు ఆ జనాన్ని చూసింది, కోడల్ని చూసింది, గట్టిగా ఓ నిట్టూర్పు విడిచి దుప్పటి తీసింది. ఒళ్లో పాత చీర చుట్ట, ఆ చుట్టలో గుడ్లు, ప్రతి గుడ్డు మీదా చక్కగా బొగ్గు గీత. వాటి మధ్య పెంకు సగం నెత్తిమీద పెట్టుకుని, తడిసిన పత్తిగింజలాగా ఓ కోడిపిల్ల.

"ఏం చేయమంటారు?" అంది ఎవరూ అడగకముందే. "తెల్లవారుజామున చూద్దును కదా, గంపనిండా ఎర్రచీమలు. ఆ మహాతల్లి ఎప్పుడో లేచిపోయింది. చీమలు దులిపి, గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టకటకమంటోంది. ప్రాణమున్న దాన్ని చల్లారనిస్తామా?"

"మరి నాతో చెప్పరేం అత్తయ్యా?"

"చెబితే నువ్వూరుకుంటావా? మా అత్త గుడ్లు పొదిగిందని మీ అక్కకు ఫోను కొట్టవూ?"

అయితే అమ్మిన గుడ్లేవి? అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన తల గోక్కున్నాడు. "చూరుకున్న గంపను నేనే కిందికి దించి తుడిచాను కదమ్మా. కిందనే ఉంది మరి. పొయ్యి పొగకు మసి పట్టింది కూడానూ."

కోడలు నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. అత్తగారి మోకాళ్ల మీద తల పెట్టేసింది. "మెల్లిగానే, పగుల్తాయి!" అని అత్తగారు కసిరింది గానీ, చెయ్యి మాత్రం కోడలి తల మీదే ఉంచింది.

"అయితే నేను తిన్నవి?" అన్నాడు టైలరు.

"బంగారం లాంటి గుడ్లు," అంది నర్సమ్మ. "నీ కడుపులో ఉన్నది ఉత్త భయం. లే!"

అతను లేచి, ఒళ్లు విరుచుకుని, ఆకలేస్తోందన్నాడు. బేకరీ ఆవిడ తన బుట్ట తను పట్టుకుని, ఇవాళ రొట్టెలు ఆలస్యమైతే ఆ పాపం ఎవరిదో అందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఒక్కటి తప్ప గుడ్లన్నీ చిట్లి పిల్లలయ్యాయి.

"బీరపాదులు ఎక్కడ వేద్దామత్తయ్యా?" అంది కోడలు నూకలు చల్లుతూ.

"నోర్ముయ్. ముందు ముంగిస దూరకుండా ఆ గూటి తలుపు బాగుచేయించమను నీ మొగుణ్ణి."

దొరసానిని పట్టుకొచ్చి పిల్లల ముందు కూర్చోబెట్టారు. పిల్లలు దాన్ని ఎగాదిగా చూశాయి. పొద్దుట్నుంచీ "ఉండండర్రా, ఉండండర్రా" అన్న గొంతు అది కాదని వాటికి తెలిసిపోయినట్టుంది. గిరుక్కున తిరిగి, బిలబిలమంటూ వెళ్లి అత్తగారి కుచ్చెళ్లలో దూరాయి. ఆవిడ ఆవు దగ్గరికి వెళ్తే ఆవు దగ్గరికి, నూతి దగ్గరికి వెళ్తే నూతి దగ్గరికి, వెనకాలే పసుపుపచ్చటి వరస.

దొరసానికి మాత్రం ఈ ఏర్పాటు మీద ఏ అభ్యంతరమూ లేదు.