సీటు దిగని పెట్ట

ఆ ఉదయం సూపరింటెండెంటు గారి ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకు భార్యను బస్సెక్కించడం, ఎనిమిదికి గోధుమరంగు పెట్టను గూట్లోంచి దించడం, ఎనిమిదింపావుకు టీ తాగుతూ పేపరు చదవడం. రిటైరై నాలుగు నెలలైనా రోజును ఇలా గంటల లెక్కన కోసి పెట్టుకునే అలవాటు ఆయనకు పోలేదు.

ఈ నాలుగు నెలల్లో ఇంట్లో ఆయన చేపట్టిన సంస్కరణ ఒక్కటీ నిలవలేదు. వంటింటి డబ్బాలను అకారాది క్రమంలో సర్దితే ఆవిడకు ఉప్పు దొరకడానికి ఒక పూట పట్టింది. ఆ సాయంత్రమే ఆయనకు వంటింటి ప్రవేశం రద్దయింది. బట్టలారేసే తీగ మీద ఎవరి చోటు ఎవరిదో నంబర్లు రాస్తే తీగ కూడా చేజారింది. ఇక మిగిలింది పెరడు. అందులో మూడు పెట్టలు, ఒక పుంజు. అవి ఆవిడకు ప్రాణం. ఆ పెరడైనా తన చేతికొస్తే, తనూ ఈ ఇంట్లో పనికొచ్చే మనిషినేనని అనిపించుకోవాలని ఆయనకు మహా ఆశ. చెల్లెలి కాలు విరిగి ఆవిడ వారం రోజులు సాయానికి వెళ్లాల్సి రావడంతో, పాపం ఆ చెల్లెలి సంగతేమో గానీ, ఆయనకు మాత్రం కాలం కలిసొచ్చింది.

"ఏమండీ, గోధుమ పెట్ట పొదుగుకు కూర్చుంది. గుడ్లున్నా లేకపోయినా గూట్లోంచి లేవదు, మేత ముట్టదు. దాన్ని వైరు బోనులో పెట్టి, బోనును నాలుగు ఇటుకల మీద ఎత్తండి. కడుపు కింద గాలి తగిలితే మూడు రోజుల్లో అదే మరిచిపోతుంది. దాని కింద గుడ్లు మాత్రం పెట్టకండి. మీ వల్ల కాదనుకుంటే ఇప్పుడే చెప్పండి, పక్కింటి నర్సుకు పెరటి తాళం ఇచ్చేసి వెళ్తా" అంది ఆవిడ, బస్సు మెట్టు మీద కాలు పెట్టి.

"నలభై మంది గుమస్తాలను నడిపినవాణ్ణి. మూడు కోళ్లు నాకొక లెక్కా?"

"గుమస్తాలు పొడవరుగా" అని ఆవిడ లోపలికెళ్లి కూర్చుంది.

ఆ మాటలోని నిజం ఎనిమిది గంటల రెండు నిమిషాలకు ఆయన బొటనవేలికి తెలిసింది. దాంతో హెల్మెట్టు పెట్టుకున్నారు, వానకోటు తొడుక్కున్నారు, చేతులకు తోటపని తొడుగులు బిగించారు, ముక్కుకు రుమాలు కట్టారు. ఆ అవతారంలో గూట్లో చెయ్యి పెట్టి పెట్టను లాగి బోనులో వేశారు. అది లోకం మునిగిపోయినట్టు అరిచింది. పది నిమిషాలైనా ఆపలేదు. వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకోసాగింది.

సూపరింటెండెంటు గారికి పరువు పోతుందని భయం పట్టుకుంది. ఏళ్ల తరబడి ఒకే సీట్లో కూర్చున్న ఉద్యోగిని ఉన్నపళంగా బదిలీ చేస్తే గోల చేయడం సహజమేననీ, కొత్తచోట పాత సౌకర్యాలు కల్పిస్తే సర్దుకుంటారనీ ఆయన అనుభవం. బేకరీ అతని కోసం ఆవిడ బుట్టలో ఉంచిన పద్దెనిమిది గుడ్లలోంచి ఆరు తీసి, బోనులో కాస్త గడ్డి వేసి, దాని కింద పెట్టారు. ఇది తాత్కాలిక ఏర్పాటనీ, మూడో రోజు తీసేయవచ్చనీ మనసుకు చెప్పుకున్నారు. పెట్ట ఠక్కున నోరు మూసింది. సమస్య ఇంత సులువుగా తీరిపోయిందే అని ఆయన మురిసిపోయారు.

మర్నాడు చూస్తే, ఖాళీ అయిన గూట్లో నల్ల పెట్ట రెక్కలు విప్పుకుని కూర్చుని ఉంది. సీటు ఖాళీ పడితే ఊరుకునేదెవరు? ఆయన హెల్మెట్టు పెట్టుకుని దాన్ని స్నానాల గదిలోని పెద్ద టబ్బుకు బదిలీ చేశారు. అదీ అరిచింది. దానికీ గడ్డీ, ఆరు గుడ్లూ మంజూరయ్యాయి. మూడో రోజు చుక్కల పెట్ట ఆయనకు బదిలీ శ్రమ కూడా లేకుండా, ఆఫీసువాళ్లు వీడ్కోలు సభలో ఇచ్చిన మెత్తటి కుర్చీని తనే ఎంచుకుంది. దాన్ని దించబోతే మోచేతి మీద పొడిచింది. మిగిలిన ఆరు గుడ్లూ దాని కిందకు చేరాయి. ఎక్కడివక్కడ నిశ్శబ్దంగా ఉన్నాయి. పెరట్లో పుంజు ఒక్కటే బిక్కమొహం వేసుకుని తిరుగుతోంది. ఆవిడ ఫోను చేసినప్పుడల్లా ఆయన అంతా అదుపులో ఉందన్నారు.

గుడ్ల కోసం వచ్చిన బేకరీ అతనితో, సరఫరా తదుపరి ఉత్తర్వుల వరకూ నిలిపివేయడమైనదని చెప్పి తలుపు వేశారు. కాసేపటికి పక్కింటి నర్సు గోడ మీంచి తొంగి చూసింది. హెల్మెట్టు, వానకోటు, ముక్కుకు గుడ్డ, చేతిలో నీళ్ల గిన్నె. నర్సు కళ్లు పెద్దవయ్యాయి.

"బాబాయిగారూ, కోళ్లకేమైంది?"

పొదుగు మానిపించడం చేతకాలేదని చెబితే తాళం ఈవిడ చేతికే పోతుంది. సూపరింటెండెంటు గారు ముప్పై నాలుగేళ్ల ఆఫీసు ఉద్యోగంలో ఆపదల్లో తనను కాపాడిన భాషను ఆశ్రయించారు.

"విషయం పరిశీలనలో ఉందమ్మా. ప్రస్తుతానికి వేటికవి విడివిడిగా ఉంచాం. ఇంతకుమించి వెల్లడించలేను."

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు ఈ గొంతుతో ఎప్పుడు మాట్లాడతారో నర్సుకు బాగా తెలుసు. ఆవిడ చరచరా ఇంట్లోకి వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కుంది. బేకరీలో ఈ కబురూ ఆ కబురూ కలిశాయి. సాయంత్రానికి వీధిలో కిటికీలన్నీ మూతపడ్డాయి. కోళ్లకు భయంకరమైన అంటురోగం వచ్చిందనీ, ఆ పెద్దమనిషి దాచిపెడుతున్నాడనీ పన్నెండు సంతకాలతో పశువైద్యశాలకు ఫిర్యాదు వెళ్లింది. అందులో మొదటి సంతకం, ఆయన్ను ఎప్పుడూ చూడనివాడిది.

ఆరో రోజు ఉదయం పశువుల డాక్టరు వచ్చాడు. యువకుడు, మర్యాదస్తుడు, చేతిలో ఒక ఫారం. సూపరింటెండెంటు గారు ఫారం చూడగానే కాస్త తేరుకున్నారు. ప్రశ్నలకు ఠంచనుగా జవాబులిచ్చారు. మేత తింటున్నాయా? లేదు. గుడ్లు పెడుతున్నాయా? లేదు. ఈకలు ఉబ్బించుకుని ఒకేచోట ముడుచుకుని ఉంటున్నాయా? అవును. ఈకలు రాలుతున్నాయా? కడుపు కిందవి అవే పీక్కుంటున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకిందా? రోజుకొకటి చొప్పున. డాక్టరు అన్నింటికీ టిక్కులు పెట్టి, ఫారం ఆయన వైపు తిప్పాడు. రోగం ఖాయమని తేల్చడానికి నాలుగు టిక్కులు చాలు. అక్కడ అయిదున్నాయి. వెంటనే పక్షులన్నింటినీ వధించాలని కింద అచ్చయి ఉంది.

సూపరింటెండెంటు గారికి పరువు, తాళం, పెరడు ఏవీ గుర్తు రాలేదు. రోజూ పొద్దున్నే ఆ మూడింటినీ పేరుపేరునా పలకరించే భార్య ముఖం ఒక్కటే కళ్ల ముందు మెదిలింది.

"బాబూ, రోగం కాదు. పొదుగుకు కూర్చున్నాయి. దించడం నాకు చేతకాలేదు. ఆ మాట అందులో రాయి."

"వచ్చిన నిమిషంలోనే నాకు తెలిసింది సార్. కానీ పొదుగుకు ఇందులో కాలమ్ లేదు."

"పక్కన ఖాళీలో రాయవచ్చు కదా?"

"రాయకూడదు సార్. మీరు మా పై కార్యాలయంలో ఉన్నప్పుడు నా ఇంక్రిమెంటు దరఖాస్తు మీ దగ్గర్నుంచి నాలుగుసార్లు వెనక్కొచ్చింది. కాలమ్‌లో లేనిది పక్కన రాస్తే చెల్లదని మీరే ఎర్రసిరాతో రాశారు."

సూపరింటెండెంటు గారు తల దించుకున్నారు. ఆ ఎర్రసిరా రాత ఆయనకు గుర్తులేదు గానీ, రాసే ఉంటానని నమ్మకం ఉంది. డాక్టరుకే జాలేసింది. ఫారం వెనకవైపు రెండో మార్గం ఉందన్నాడు. నమూనాలు తీసి పరీక్షకు పంపి, ఇరవై ఒక్క రోజులు వేరుగా ఉంచవచ్చు. అన్నాళ్లూ పక్షులు ఇప్పుడున్న చోట్లనుంచి కదలకూడదు. వాటి కింద ఉన్నవేవీ ముట్టుకోకూడదు. బాధ్యుడైన ఒక్క వ్యక్తి తప్ప ఎవరూ దగ్గరకు వెళ్లకూడదు, ఆ వ్యక్తిని మార్చకూడదు. సూపరింటెండెంటు గారు నియమాలన్నీ చదివి, సంతకం చేశారు.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి పెరటి గుమ్మానికీ, స్నానాల గదికీ, వీడ్కోలు కుర్చీ చుట్టూ ఎర్ర పట్టీలు కట్టి ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని, దాచకుండా, జరిగిందంతా చెప్పారు. ఆవిడ పట్టీకి ఇవతల నిలబడి పెట్టలు మూడూ బతికే ఉన్నాయని చూసుకుంది. తర్వాత ఊపిరి తీసుకుని, "మూడు రోజుల పని చెప్పాను. ఇరవై ఒక్క రోజులకు పెంచారు. ఆఫీసులో కూడా ఇంతేనా?" అంది.

ఆ రోజులు ఎలా గడిచాయో వాళ్లకే తెలుసు. ఇద్దరూ స్నానానికి నర్సు ఇంటికి వెళ్లేవారు. నర్సు సబ్బు కూడా ఇచ్చేది గానీ ఆయన్ను దూరం నుంచే పలకరించేది. మేత వేయడం, నీళ్లు మార్చడం, రెట్టలు ఎత్తడం, అన్నీ హెల్మెట్టుతోనే. ఆవిడ అరుగు మీద టీ తాగుతూ, ఎక్కడ సరిగా ఊడవలేదో వేలుపెట్టి చూపించేది. పెళ్లయ్యాక ఆవిడకు ఇంత తీరిక దొరకడం ఇదే మొదలు.

గడువు ముగిసిన రోజు డాక్టరు నవ్వుతూ వచ్చాడు. పరీక్షలో ఏ రోగమూ లేదని తేలింది. పక్షులను లెక్కపెట్టి, నాలుగూ ఉన్నాయని రాసి, ఫైలు మూసేయడమే తరువాయి. బోను దగ్గర వంగి చూశాడు. టబ్బులోకి తొంగి చూశాడు. కుర్చీ చుట్టూ తిరిగాడు. రెండోసారి లెక్కపెట్టాడు. పెట్టలు మూడు, పుంజు ఒకటి, కిచకిచలాడే పసుపు పిల్లలు పదహారు.

"ఇబ్బందే సార్. లెక్క తగ్గితే కారణం రాయడానికి కాలమ్ ఉంది. పెరిగితే ఏం చేయాలో ఎక్కడా లేదు. వివరణ కోరుతూ పై కార్యాలయానికి రాస్తాను. జవాబొచ్చేదాకా ఏర్పాటు ఇలాగే కొనసాగుతుంది. బాధ్యుడు కూడా మారకూడదు."

అరుగు మీద ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. లేచొచ్చి, పెరటి తాళం పట్టీ మీంచి ఆయన చేతిలో పెట్టి, ఇక ఆ పెరడు ఆయనదేనంది. ఆయన ఇంతకాలం కోరుకున్నది అదే. అయినా డాక్టరు వెనకాలే గుమ్మం దాకా వెళ్లి, ఆ జవాబు ఎప్పటికి రావచ్చని బతిమాలే గొంతుతో అడిగారు.

డాక్టరు మర్యాదగా, అది సార్‌కే బాగా తెలియాలన్నాడు. పై కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసింది తను కాదు.