తువ్వాలు కింద రోగం

రోగుల గోప్యతా చట్టం అమల్లోకి వచ్చిన నాటి నుంచి, రోగి రాతపూర్వక అనుమతి లేకుండా అతని రోగం పేరు పలికినవాళ్ళ నోరు అక్కడికక్కడే మాయమై జిల్లా కచేరీలో జమ అవుతోంది. నెల తిరిగాక రసీదు చూపి తెచ్చుకోవాలి. ఆసుపత్రి కాంపౌండరు నోటికి గడువు తీరినా, ఇంకో నెల అక్కడే ఉంచుకోమని అతని భార్య అర్జీ పెట్టుకుంది. మంజూరైంది.

మిర్చి వ్యాపారి గ్రంధి పానకాలు ఆసుపత్రి మెట్లెక్కేనాటికి అతని దగ్గరున్న సరుకు ఇది: కడుపులో నొప్పి, భుజాన తువ్వాలు, పక్కన భార్య కనకరత్నం, చెక్కుచెదరని సొంత నోరు. తండ్రి కడుపులో గడ్డతోనే పోయాడు. తనదీ అదేనా కాదా, అదొక్కటి తేలితే చాలు.

డాక్టరు జోజిబాబు స్కానింగు చూసి నోరు తెరిచాడు. గుర్తొచ్చి భద్రంగా మూసుకున్నాడు.

"చెప్పు బాబూ, ఏమిటది?"

"మీ అనుమతి కావాలి శెట్టిగారూ. ఏ రోగం పేరు చెప్పమంటున్నారో ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? పోనీ, నేనే ఊహించి అడగనా?"

"రోగి నోటికీ మినహాయింపు లేదండీ."

"చోద్యం! ఆయన కడుపు ఆయనకే పరాయిదా?" అంది కనకరత్నం.

"చట్టప్రకారం అంతేనమ్మా."

పానకాలు కోపగించుకోలేదు. నోరు విప్పితే నష్టమొచ్చే బేరాలు అతనికి కొత్త కాదు. మిర్చి యార్డులో ధర ఎవరూ పైకి అనరు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఒప్పుకుంటే చెయ్యి బిగిస్తారు, కాదంటే విదిలిస్తారు. జోజిబాబు తండ్రి ఆ యార్డులోనే దళారీగా బతికాడు. పానకాలు తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా పరిచాడు.

ముందు పిడికిలి బిగించి డాక్టరు అరచేతిలో పెట్టాడు, గడ్డా అని. డాక్టరు విదిలించాడు. పానకాలుకి ఊపిరి తిరిగింది. ఈసారి చింతగింజంత వస్తువు పట్టుకున్నట్టు రెండు వేళ్ళు కలిపి నొక్కాడు, రాయా అని. డాక్టరు చెయ్యి బిగించి ఊపేశాడు. బేరం కుదిరింది.

"రాయే కనకం! ఒట్టి రాయి!" అని పానకాలు కుర్చీలోంచి ఎగిరాడు. కిందికి దిగేసరికి మీసం కింద నున్నటి చర్మం మిగిలింది. కనకరత్నం నవ్వుతూ, ఏడుస్తూ, ఆ చర్మాన్నే కొంగుతో తుడిచింది.

అంతలో అతని ఫోను మోగింది. ఆమే తీసి, అందరికీ వినబడేలా పెట్టింది. ఏదో ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఒక ఆడపిల్ల గొంతు.

"నమస్తే పానకాలు గారూ! మీ పిత్తాశయంలో రాయి పడినందుకు అభినందనలు. మా ఆసుపత్రిలో ఆపరేషను ఖాయం చేయమంటారా?"

"ఈ పిల్ల నోరు పోలేదే?" అంది కనకరత్నం.

"వ్యాపార అవసరాలకి మినహాయింపు ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "రిపోర్టులు మాకన్నా ముందు వాళ్ళకే వెళ్తాయి."

పానకాలు వద్దని తల ఊపాడు, చేతులూ ఊపాడు. ఫోనుకి అవేవీ కనబడవు.

"ఆయన వద్దంటున్నారమ్మా!"

"మీరు మూడో మనిషండీ. గోప్యత. సారు వద్దనలేదు. మౌనం అర్ధాంగీకారం, మిగతా సగం చట్టం కలుపుతుంది. సోమవారం రండి."

ఆటోలో పానకాలు లెక్క చూసుకున్నాడు. గడ్డ కాదన్న నిశ్చింత వచ్చింది. అడగని ఆపరేషను వచ్చింది. నోరు ఒక నెలకి పోయింది. కనకరత్నం తువ్వాలు పరిచి, లాభమేనా అని వేళ్ళతో అడిగింది. అతను ఆలోచించి ఆమె చెయ్యి బిగించాడు.

నెల తిరిగితే నోరు వస్తుంది. అప్పటికి వద్దనడానికి కడుపులో ఏమీ మిగలదు.