మూడో తరగతికి వచ్చిన ఊహాశక్తి

పక్కింటి టైలరమ్మ గోడ మీదుగా మా ఆవిడకు చెప్పగా, మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి నాకు చెప్పగా, లోకహితం కోరి నేనిక్కడ విన్నవించుకునేదేమంటే: మా వీధి చివరి బడిలో మూడో తరగతికి ఊహాశక్తి వచ్చింది. ఒక్కరికి కాదు, తరగతి మొత్తానికి. ఒకే పూట, ఒకే రకంగా వచ్చింది. గవదబిళ్లలు కూడా ఇంత క్రమశిక్షణతో రావు.

"పిల్లలంతా ఎవడో గుండ్రనోడి గురించి రాసిపెట్టారట వదినా," అందట టైలరమ్మ, పళ్ల మధ్య గుండుసూదులు తీయకుండానే. "మా లాపాయింటు అయితే పేజీ నింపేసింది. పాపం, ఆ టీచరమ్మ ఉద్యోగం మీదికొచ్చేట్టుంది."

(లాపాయింటు అంటే టైలరమ్మ కూతురు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. తినమంటే ఎందుకని, పడుకోమంటే ఇప్పుడే ఎందుకని అడుగుతూ రావడంతో ఆ పేరు వాడకం లేక మూలపడింది.)

మనిషికి పుట్టుకతో వచ్చేవి ఆకలీ ఏడుపూ మాత్రమేననీ, ఊహ మాత్రం పై ఆఫీసు నుంచి రావలసిందేననీ విద్యాశాఖ ఏనాడో గ్రహించింది. పిల్లలు సొంతంగా ఒక్క ముక్క రాయడం లేదు, బోర్డు మీదున్నది దించేస్తున్నారు అని ఒక కమిటీ తేల్చింది. (ఆ నివేదికను అంతకుముందు కమిటీ నివేదికలోంచి దించారంటారు గానీ, అది గిట్టనివాళ్ల మాట.) కనుక మాటలు లేని బొమ్మల పుస్తకం ఒకటి ప్రతి బడికీ పంపాలనీ, పిల్లలు బొమ్మలు చూసి తమకు తోచింది తామే రాయాలనీ, అలా తామే రాసింది జతపరచిన నమూనా జవాబుతో సరిపోవాలనీ ఉత్తర్వు వెలువడింది. దీని అమలు చూడడానికి ఊహాశక్తి పర్యవేక్షణాధికారి అనే పదవి పుట్టింది. ఆయనకు జీపు కూడా పుట్టింది.

పుస్తకం ఒక మేకపిల్ల ప్రయాణం గురించినదని దానితో వచ్చిన కాగితంలో ఉంది.

ప్రభుత్వ ఆస్తి అన్నాక ముద్ర ఉండాలి. ముద్ర మూలన వేస్తే దొంగ ఆ మూల కత్తిరించుకుని పుస్తకం తన సొంతమంటాడు. అందుచేత ప్రతి బొమ్మలోనూ అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఏదో చూసి సరిగ్గా దాని మీదే వేయాలని, దాంతో దొంగకు పుస్తకం మీద ఆశ చచ్చిపోతుందని నిబంధన. గోడౌనువాళ్లు నిబంధన తప్పే రకం కాదు. సాసరంత ఊదారంగు ముద్ర పేజీ పేజీకీ గుద్ది, అట్ట మీది బొమ్మ మాసిపోకుండా దాని మీద మందపాటి కాగితం అతికించి మరీ పంపారు.

బడికి వచ్చాక బడి ముద్ర కూడా పడాలి. హెడ్మాస్టరుగారు ఎండిపోయిన స్టాంపు ప్యాడు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, పుస్తకం తెరిచి, ముఖ్యమైన భాగం ఏదో గోడౌనువాళ్లు ముందే కనిపెట్టి పెట్టినందుకు మనసులోనే దండం పెట్టుకుని, ఆ గుండ్రాల మీదే తన గుండ్రాలు వేశారు. చేత్తో అద్ది చూశారు. అంటలేదు. పని బాగా జరిగిందని సంతృప్తి పడ్డారు.

మూడో తరగతి టీచరమ్మది టెంపరరీ ఉద్యోగం. టెంపరరీగా ఉండి చాలా ఏళ్లయింది. ఏటా వేసవి సెలవుల ముందు ఆవిడను కొనసాగించవచ్చునని ఒక కాగితం మీద సంతకం పడాలి. ఈ ఏడాది ఆ సంతకం ఊహాశక్తి అధికారి చేతిలో పెట్టారు. మంచం పట్టిన తల్లి, చదువుకుంటున్న తమ్ముడు ఆ సంతకం మీదే బతుకుతున్నారు.

పిల్లలు పుస్తకాన్ని ముట్టుకోరాదు గనుక ఆవిడే చేతులు కడుక్కుని, బెంచీ బెంచీ దగ్గరా ఆగి పేజీలు తిప్పి చూపించింది. కంచె, బస్సు, సంత, వంతెన, ఇల్లు. అన్నిటి నడుమా అదే ఊదారంగు.

"టీచర్, ఈ గుండ్రనోడెవడు?" అంది లాపాయింటు.

"అది ముద్రమ్మా."

"మరి కథంతా వాడే ఉన్నాడేంటి?"

బొమ్మను టీచరు వివరించరాదని మార్గదర్శకాల్లో ఉంది. ఏమనాలో కూడా ఉంది. ఆవిడ ఉన్నది ఉన్నట్టు అనేసింది. "నీకేమనిపిస్తే అది రాయి." (ఈ వాక్యాన్ని ఎవరైనా నమ్మేస్తే ఏం చేయాలో మాత్రం మార్గదర్శకాల్లో లేదు.)

పిల్లలు నమ్మారు. ఎప్పుడూ పేరూ తేదీ రాసి పెన్సిల్ చెక్కుతూ కూర్చునేవాళ్లు ఇంకో కాగితం ఇమ్మని లేచి వచ్చారు. లాపాయింటు రాసింది ఇది:

"బస్సులో సీటు ఉంది. గుండ్రనోడు కూర్చున్నాడు. వంతెన మీద దారి ఉంది. గుండ్రనోడు అడ్డంగా ఉన్నాడు. వాడికి కాళ్లు లేవు. అయినా అందరికన్నా ముందు వస్తాడు. ఇంటి దగ్గర పెద్ద మేక గడప వైపు చూస్తోంది. గడప మీద కూడా వాడే. పెద్ద మేక ఎవరి కోసం చూస్తోందో వాడు చెప్పడు."

టీచరమ్మ అది రెండోసారి కూడా చదివింది. తర్వాత ఎర్రసిరాతో 'చాలా బాగుంది' అని రాసి, కట్టకట్టి పైకి పంపింది. తప్పు అక్కడే జరిగిందని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

నమూనా జవాబు ఇలా ఉంది: 'మేకపిల్ల కష్టపడి ప్రయాణం చేసి ఇల్లు చేరినది. కావున మనము పెద్దల మాట వినవలెను.' పిల్లల రాతలు దీనితో సరిపోలేదు. పైపెచ్చు ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఊహాశక్తి ఒక్కొక్కరికి ఒక్కోలా రావాలి గనుక, అందరికీ ఒకేలా వచ్చిందంటే టీచరమ్మ చెప్పి రాయించిందని పై ఆఫీసు నిర్ధారించింది.

అయినా తొందరపడలేదు. పిల్లల చూపులో దోషముండి మేకపిల్ల కనబడలేదేమో అని ముందు కళ్ల డాక్టరును పంపారు. కళ్లు దివ్యంగా ఉన్నాయని ఆయన రాసిచ్చాడు. దాంతో నేరం మరింత బలపడింది. తర్వాత ఒక సవరణ వచ్చింది: 'ముద్రను చూడవచ్చును గాని గమనించరాదు.' హెడ్మాస్టరుగారు ప్రార్థన అయ్యాక పిల్లలను ఎండలో నిలబెట్టి, పుస్తకం పైకెత్తి పట్టుకుని, గమనించకపోవడం సాధన చేయించారు. పిల్లలు త్వరగానే నేర్చుకున్నారు. పిల్లలు కదా.

ఊహాశక్తి ఆఫీసరు విచారణకు వస్తాడన్న పొద్దున టైలరమ్మ కూతురి చొక్కాకు ఊడిన గుండీ కుడుతూ చెప్పిందట. (ఇది గోడ మీదుగా కాదు, స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి మాకు చెప్పింది.)

"ఇదిగో, ఆఫీసరడిగితే మేకపిల్ల ఉందని చెప్పు. అంతే."

"ఎక్కడుందమ్మా?"

"ఉందే తల్లీ, ఉంది. అది లేదన్నావంటే మీ టీచరమ్మ ఉండదు."

"టీచర్ ఉండాలంటే మేకపిల్ల ఉండాలా?"

"ఆఁ."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అని బడికి వెళ్లిపోయిందట.

ఆఫీసరుగారు మంచివారు. కుర్చీ కిర్రుమన్నా విసుక్కోలేదు. బల్ల మీద టీచరమ్మ కాగితం పెట్టుకుని, కలం క్యాపు తీసి, పుస్తకం తెరిచి ఒక్కొక్కరినే పిలిచారు.

"మేకపిల్ల ఉందా?"

"ఉందండీ."

"నీకో?"

"ఉందండీ."

తరగతి అంతటికీ ఉంది. హెడ్మాస్టరుగారు బిగబట్టిన పొట్ట కొంచెం వదిలారు. టీచరమ్మ నల్లబల్ల పక్కన నిలబడి, వేళ్లకంటిన సుద్దపొడి ఎంతకీ పోనట్టు తుడుచుకుంటోంది. గుమ్మం బయట టైలరమ్మ, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆఖర్న లాపాయింటును పిలిచారు, దాని పేజీయే నేరానికి ముఖ్య సాక్ష్యం కాబట్టి.

"భయపడకమ్మా. ఇదంతా రాయమని నీకెవరు చెప్పారు? టీచరమ్మేనా?"

"కాదండీ. నీకేమనిపిస్తే అది రాయి అంది."

"మరి మేకపిల్ల గురించి రాయలేదే?"

"అప్పుడు లేదండీ."

హెడ్మాస్టరుగారి పొట్ట మళ్లీ లోపలికి పోయింది. ఆఫీసరుగారు పుస్తకం దాని ముఖానికి దగ్గరగా జరిపారు. "పోనీ ఇప్పుడు చూడు. నిదానంగా చూసి చెప్పు. ఉందా?"

లాపాయింటు పుస్తకం వైపు చూసింది. నల్లబల్ల వైపు చూసింది. అక్కడ టీచరమ్మ తుడుచుకోవడం ఆపేసింది.

"ఉందండీ."

గుమ్మం దగ్గర టైలరమ్మ కళ్లొత్తుకుంది.

"శభాష్!" అన్నారు ఆఫీసరుగారు. "పిల్లలకు అవకాశం ఇవ్వాలండీ, అంతే. ఇదిగోమ్మా కాగితం. ఆ మేకపిల్లను చూసింది చూసినట్టు చక్కగా వర్ణించి రాసియ్యి. అది ఫైల్లో పెట్టి, మీ టీచరమ్మ కాగితం మీద ఇప్పుడే సంతకం చేసేస్తా."

లాపాయింటు నేల మీద కూర్చుని, పెన్సిల్ మొన నాలిక్కి అద్దుకుని, 'మేకపిల్ల ఉంది' అని రాసింది. గుండ్రంగా, పొందిగ్గా రాసింది. తర్వాత పెన్సిల్ కదల్లేదు.

"ఏమ్మా, ఆగిపోయావ్?"

"సార్, మీరు ఉందంటే ఉందని రాశా. తెల్లదో నల్లదో కూడా మీరే చెప్పండి, అదీ రాసేస్తా."