పలుకుగుహలో కాలిముద్ర

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఒకరింట్లో ఏం తిన్నారో పక్కింటివాళ్ళకి తెలియనంత పెద్ద అడవిలో, పోలయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి అందరికంటే ముందు పోలయ్యే చెప్పేవాడు.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి, దానికి తలకిందులుగా వేలాడి, రెక్కలు కొట్టుకుంటూ పిలవాలి. ఆడపిట్ట వచ్చి లోపలికీ బయటికీ తిరుగుతుంది. పోచ పట్టుకుని లాగుతుంది. నచ్చితే మిగతా సగం పూర్తి చెయ్యమంటుంది. నచ్చకపోతే ఒక్క మాటా అనదు, పక్క చెట్టుకు ఎగిరిపోతుంది. ఇంత నిక్కచ్చి పెళ్ళిచూపులు మనుషుల్లో లేవు కాబట్టి బతికిపోతున్నాం.

ఆ ఏడు పోలయ్య సగం గూడు వెంగమ్మ అనే పిట్టకు నచ్చింది. వాగు ఒడ్డున, తాత కాలంనుంచీ వాళ్ళు గూళ్ళు కడుతున్న మూడో ఈతచెట్టు, నీళ్ళ మీదికి వంగిన మట్ట.

"ఇరవై రోజుల్లో వానలు పడతాయి మావా. ఆలోగా గూడు పూర్తయితే గుడ్లు ఇక్కడే. కాలేదా, నీ దారి నీది, నా దారి నాది" అంది వెంగమ్మ.

పోలయ్య ఎగిరి గంతేశాడు. అంత సంతోషం కడుపులో దాచుకుంటే అరుగుతుందా? తిన్నగా పలుకుగుహకు ఎగిరాడు.

పలుకుగుహ సంగతి చెప్పాలి. కొండ అంచున ఆ గుహలో నిలబడి ఎవరేం మాట్లాడినా అడవి నాలుగు మూలలా ఖంగున వినిపించేది. దాన్ని కనిపెట్టింది జంబులింగం అనే నక్క. "అంతా ఉచితం! ఒక్క కాలిముద్ర వేసి లోపలికి రండి" అని బోర్డు పెట్టాడు. గుమ్మంలో ఒక పెద్ద తడిమట్టి పలక. దాని పైన సూరు నుంచి ఒప్పందం తాటాకులు కట్టలు కట్టలుగా వేలాడేవి. అక్షరాలు చీమ తలకాయంత. అవీ తలకిందులుగా రాసి ఉండేవి. వాటిని చదివే తీరిక ఎవరికుంది? చెదపురుగులు మాత్రం నాలుగైదు ఆకులు పూర్తిగా ఆకళింపు చేసుకున్నాయి.

గుహ తెరిచిన రోజు సింహం మహారాజుగారే విచ్చేశారు. పలక మీద మొదటి ముద్ర వారి పంజాదే. లోపలికెళ్ళి "మా అడవిలో చట్టం ముందు అందరూ సమానమే!" అని గర్జించారు. ఆ గర్జనను జంబులింగం రోజూ పొద్దున్నే గుహలోంచి మళ్ళీ మళ్ళీ మోగించేవాడు. గుహకు అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది?

ఇక జనం విరగబడ్డారు. కుందేలు తన బొరియకు ఎన్ని దారులున్నాయో గొప్పగా చెప్పింది. జింకలు నీళ్ళకు ఏ వేళకు పోతాయో చెప్పాయి. ఆ మర్నాటినుంచి చిరుతపులి కూడా కచ్చితంగా అదే వేళకు నీళ్ళకు రావడం మొదలుపెట్టింది. "ఏం కలిసొచ్చిందో చూడు" అనుకున్నాయి జింకలు, మిగిలినవి.

పోలయ్య కూడా కాలిముద్ర వేసి, గుహలో గొంతు సవరించుకున్నాడు. పోచను అంచునుంచి ఎలా చీల్చాలి, మొదటి ముడి ఎక్కడ వెయ్యాలి, గొట్టంలా కిందికి దింపే ద్వారం ఎలా అల్లాలి, గాలికి ఊగకుండా లోపల తడిమట్టి ఎక్కడ అద్దాలి, మూడు తరాల విద్యంతా ఒక్క పూటలో చెప్పేశాడు. అక్కడితో ఆగాడా? ఏ వాగు, ఏ చెట్టు, ఏ మట్ట, వెంగమ్మ గుడ్లు ఎప్పుడు పెడుతుంది, అదీ చెప్పాడు.

అడవి నలుమూలలనుంచీ మెచ్చుకోలు కిచకిచలు వచ్చాయి. పోలయ్య లెక్కపెట్టుకున్నాడు. పదకొండు వందలు. ఆ రోజు అతనికి గింజ కూడా సయించలేదు, ఆనందంతో.

మర్నాడు పొద్దున్నే ఈతచెట్టు మొదట్లో ఒక తాచుపాము చుట్టచుట్టుకుని కూర్చుంది.

"శుభాకాంక్షలు పోలయ్యగారూ! ఇంట్లో శుభకార్యమట కదా."

పోలయ్య పై మట్టకు ఎగిరాడు. "నీకెవరు చెప్పారు?"

"గుహవారు. గుడ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళందరికీ కబురు పెడుతున్నారు. తొందరేం లేదండీ. వానలప్పుడే వస్తాను."

ఎంత మర్యాదస్తురాలు! వెంగమ్మ పైనుంచి అంతా విన్నది. "నీకు అల్లడం వచ్చు మావా, నోరు మూసుకోవడమే రాదు" అని మొహం తిప్పుకుంది.

మూడో రోజు, ఏ సొత్తు ఎవరిదో తేల్చే హక్కుల కచేరీ నుంచి బంట్రోతు కాకి వచ్చి ఒక ఆకు పడేసిపోయింది. నోటీసు.

"గిజిగాడు పోలయ్యకు తెలియజేయునది ఏమనగా, గూడు అల్లు విధానము గుహయందు పలకబడి గుహ సొత్తు అయినందున, మీరు ఈతచెట్టునకు వేలాడదీసిన సగము గూడు గుహ సొత్తునకు నకలుగా గుర్తించడమైనది. తక్షణమే పని ఆపి, గూడు విప్పి, పోచలు విడివిడిగా కచేరీలో దాఖలు చేయవలెను. లేనిచో రెక్కలు కత్తిరించబడును."

పోలయ్య రెండుసార్లు చదివాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిన్నగా జంబులింగం దగ్గరికి పోయి, "ఏం పని బాబూ ఇది? నా గూడు నేను అల్లుకోకూడదా?" అన్నాడు.

జంబులింగం తోక సవరించుకున్నాడు. "నీ దగ్గర నేనేమన్నా దొంగిలించానా పోలయ్యా? నువ్వే తెచ్చి ఇచ్చావు. ఆ హక్కు కోతులకిచ్చేశాను. వాళ్ళనడుగు."

"కోతులకి అల్లడం వచ్చా?"

"రాదు. హక్కుండాలంటే పని కూడా వచ్చుండాలా? పాతకాలం మనిషిలా మాట్లాడతావేం!"

ఇక మిగిలింది హక్కుల కచేరీ. అక్కడ అధికారి కూర్మారావు అనే తాబేలు. ఆయన లంచం ముట్టడు. ముట్టేవాడైతే పోలయ్యకు ఏదో ఒక దారి దొరికేది. నియమం ఏముంటే అదే. భయపెడితే తల డిప్పలోకి లాక్కుని లోపలినుంచి నియమం చదివేవాడు.

"అయ్యా, ఈ అల్లకం మా తాతది" అన్నాడు పోలయ్య.

"తాతగారు నమోదు చేయించారా?"

"ఆయన పోయి ఆరేళ్ళయిందండీ."

"అలాగా. స్వయంగా వస్తే పరిశీలిస్తాం."

"చచ్చిపోయినవాడు ఎలా వస్తాడు సార్!"

"ఆ వివరం మా పరిధిలోకి రాదు." కూర్మారావు మెడ చాచి నెమ్మదిగా అడిగాడు. "పలక మీద మూడువేళ్ళు ముందుకీ ఒకటి వెనక్కీ ఉన్న ముద్ర మీదేనా?"

"నాదే."

"అయితే మీరు ఒప్పుకున్నారు. ఒప్పందం చదివారు కూడా. చదివానని ముద్రలోనే ఉంది."

పోలయ్యకు ఒళ్ళు మండింది. "చదవలేదండీ! ఎవడు చదివాడు? పోనీ ఇప్పుడు చదువుతా, ఇవ్వండి!"

కూర్మారావు కళ్ళు చెమర్చాయి. "చదువుతారా? నిజంగా? పదేళ్ళుగా రిజిస్టరులో 'చదివినవారు' అని ఒక గడి పెట్టుకున్నాను బాబూ. ఇంతవరకు ఖాళీ. రండి, రండి, గుహ సూరుకే ఉంది."

తలకిందులుగా రాసిన రాత. నేల మీద నిలబడి చూస్తే ఏనుగుకైనా కళ్ళు తిరుగుతాయి. కానీ పోలయ్య పుట్టినప్పటినుంచీ తలకిందులుగా వేలాడి పనిచేసినవాడు. సూరు పట్టుకుని వేలాడాడు. రెండు పగళ్ళు చదివాడు. మెడ పట్టేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. నూట నలభయ్యో ఆకు దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు.

"గుహలో పలికిన మాటగానీ, పాటగానీ, కూతగానీ, అరుపుగానీ, ముద్ర వేసినవారు ఎవరైనాసరే, అది గుహ సొత్తగును. గుహ అనుమతి లేనిదే ఇకపై దానిని బయట పలుకరాదు."

ఎవరైనాసరే. పోలయ్య కిందికి చూశాడు. మట్టి పలక నడుమ, అన్ని ముద్రల కంటే పెద్ద ముద్ర. ఆ పంజా ఎవరిదో అడవిలో పసిగుడ్డుకైనా తెలుసు.

తిన్నగా కచేరీకి పోయి ఫిర్యాదు రాయించాడు. "ఈ అడవిలో ఒకాయన గుహ సొత్తయిన గర్జనను అనుమతి లేకుండా రోజూ మూడు పూటలా బయట వాడుతున్నాడు. నామీద తీసుకున్న చర్యే ఆయనమీదా తీసుకోగలరు."

"ఫిర్యాదు సక్రమంగా ఉంది" అన్నాడు కూర్మారావు. ఎవరిమీదో ఆలోచించలేదు. ఆలోచించడం కూడా ఆయన పరిధిలోకి రాదు. మూడు రోజుల్లో నోటీసు పోవాలని నియమం. రెండో రోజే పోయింది.

ఆ సాయంత్రం అడవిలో గర్జన వినిపించలేదు. మర్నాడూ వినిపించలేదు. మహారాజుగారు చట్టం ముందు అందరూ సమానమేనని తమ నోటితో అన్న మాట గుహలోంచి పొద్దున్నే మోగుతూనే ఉంది. దాన్ని కాదనడానికీ లేదు, నోరు తెరవడానికీ లేదు. గర్జన గొంతు దాకా వస్తే పంజా అడ్డం పెట్టుకుని మింగేవారట. వేటకెళ్తే దున్నపోతు పక్కకు తప్పుకుని "ముందు మీరు వెళ్ళండి" అందట.

మూడో రోజు దర్బారు పెట్టారు. ఫిర్యాదుదారు కాబట్టి పోలయ్యనూ పిలిచారు. వానలకింకా పదకొండు రోజులే ఉన్నాయి. సగం గూడు గాలికి ఊగుతోంది, దాన్ని ముట్టుకుంటే రెక్కలు పోతాయి. ఇక్కడ తేడా వస్తే తలే పోతుంది.

"ఎవడు..." అని మొదలుపెట్టి, గొంతు పెరుగుతోందని గ్రహించి, మహారాజుగారు గుసగుసగా పూర్తి చేశారు. "...ఎవడు పంపాడు ఈ నోటీసు?"

కూర్మారావు తల లోపలికి పోయింది. డిప్పలోంచి వినిపించింది. "ఒప్పందం, నూట నలభయ్యో ఆకు, ప్రభూ."

జంబులింగం ముందుకు దూకాడు. పాపం, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. వంగి దండం పెట్టి, అందరికీ వినబడేలా అన్నాడు. "ఇంతోటిదానికి బాధపడాలా ప్రభూ! నేను అనుమతి ఇస్తున్నాను. ఎంతైనా గర్జించుకోండి!"

దర్బారులో అందరూ మహారాజుగారి వైపు తిరిగారు.

ముందు కుందేలు కిసుక్కున నవ్వింది. తర్వాత జింక. తర్వాత చెట్ల మీది పిట్టలన్నీ. పోలయ్య మాత్రం నవ్వలేదు, మహారాజు మీసాలు చూస్తున్నాడు. అవి ఒక్కొక్కటీ నిక్కబొడుచుకుంటున్నాయి.

"నువ్వు... నాకు... అనుమతి ఇస్తావా?"

"అంటే... ప్రభూ... నా ఉద్దేశం..." జంబులింగం నీళ్ళు నమిలాడు. "తమ ముద్ర ఒక్కటీ చెరిపేస్తాను! మిగతావాళ్ళవి అలాగే..."

"కుదరదు" అంది డిప్ప. "ఒకటే పలక. ఒకటే ఒప్పందం. ఉంటే అందరివీ ఉండాలి, పోతే అందరివీ పోవాలి."

మహారాజుగారు ఇక ఆలోచించలేదు. గుహ గుమ్మానికి పోయి పంజా ఎత్తి ఒక్కటిచ్చారు. పలక వంద ముక్కలైంది. అప్పుడు తలెత్తి గర్జించారు, మూడు రోజుల బాకీ కలిపి. కొండలు అదిరాయి. పోలయ్య మాత్రం అంత తీయటి గర్జన పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ముక్కల మధ్య కూలబడ్డ జంబులింగం దగ్గరికి పోయి పోలయ్య అడిగాడు. "నా అల్లకం నాకొచ్చింది. మరి తాచుకి చెప్పిన సంగతో? అదీ వెనక్కి తెప్పించు."

"పలక పగలగొట్టగలం గానీ, విన్నవాళ్ళ చెవుల్లోంచి తియ్యగలమా పోలయ్యా? అది ఇప్పటికి ఎంతమంది చెవుల్లో పడిందో నాకే తెలియదు" అన్నాడు జంబులింగం. ఆ ఒక్కసారి నిజమే చెప్పాడు.

కాబట్టి పోలయ్య సగం గూటిని అలాగే వదిలేశాడు. మూడు తరాల చెట్టు వదలాలంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. వేరే చోట, వేరే చెట్టుకి, మొదటి ముడి నుంచి మొదలుపెట్టాడు. ఆ చోటేదో నాకూ చెప్పలేదు. నోట్లో పోచ పెట్టుకుని, తిండి మానేసి, ముక్కు అరిగేదాకా అల్లాడు. పదో రోజు వెంగమ్మ వచ్చి పోచ పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. లోపలికెళ్ళి, చాలాసేపటికి తల బయటపెట్టింది.

"ఈసారి ఎవరికైనా చెప్పావా మావా?"

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. నోట్లో ఇంకా పోచ ఉంది.

మర్నాడు వాన పడింది. ఈతచెట్టు దగ్గర తాచు తడుస్తూ మూడు రోజులు మర్యాదగా ఎదురుచూసి వెళ్ళిపోయింది. ఎక్కడో ఒక గూట్లో నాలుగు తెల్లటి గుడ్లు వెచ్చగా పడుకున్నాయి.

వానలు వెలిశాక గుహ మళ్ళీ తెరిచారు. కొత్త మట్టి పలక, కొత్త ఒప్పందం. ఈసారి మొదటి ఆకు మీదే పెద్దక్షరాలతో, నేల మీద నిలబడినా కనిపించేలా రాశారు: "మహారాజుగారి గర్జన మినహా." మిగతా నూట నలభై ఆకులూ యథాతథం. పిల్లలకు పురుగులు వెతుక్కుంటూ అటు వచ్చిన పోలయ్య గుహ ముందు నిలబడ్డ వరసను కాసేపు చూశాడు. ముందర కుందేలు, వెనక జింకలు, ఆ వెనక గిజిగాళ్ళు ఆరుగురు.

"రా పోలయ్యా, నీ విజయం కథ చెప్పు! వినడానికి అడవంతా చెవులు కోసుకుంటోంది. ఇప్పుడెక్కడ ఉంటున్నావ్?" అని కేకేశాడు జంబులింగం.

"ఇక్కడే, ఎక్కడో" అని పోలయ్య ఎగిరిపోయాడు.

నీతి: నీ హక్కు పోయిందని ఎప్పుడూ మొరపెట్టుకోకు, రాజుగారి హక్కు పోయిందని మొరపెట్టుకో, మూడు రోజుల్లో పని జరుగుతుంది.