చివర విన్నదే జవాబు

"డాక్టరేమన్నాడని అడిగితే, 'స్కూటరు అడ్డం తియ్యండి' అంటారేమిటండీ?" అని కాత్యాయని మళ్ళీ మళ్ళీ నిలదీస్తున్న ఆ సాయంత్రానికి, ఆమె భర్త చిదంబరం డేటాబేస్ ఫంక్షన్‌గా మారి రెండు నెలలైంది.

కాకినాడలో ఆయన పనిచేసే రికార్డుల కేంద్రంలో మూడో అంతస్తు వాళ్ళందరినీ అలాగే మార్చారు. పిలిచి పని చెబితే, చేసుకొచ్చి జవాబు తిరిగిస్తారు. వాళ్ళని నడిపే ఆదేశాల స్క్రిప్టులో ఏ జవాబు తిరిగివ్వాలో విడిగా రాయకపోతే, చివర విన్నదే జవాబవుతుంది. ఆ ఒక్క వాక్యం రాయవలసిన కుర్ర ఇంజనీరు అది రాయకుండానే భోజనానికి వెళ్ళాడు.

ఇన్నాళ్ళూ ఇబ్బంది లేదు. పాలు తెచ్చి, "మెట్లు తడిగా ఉన్నాయి" అనేవాడు. పాలు వచ్చాయి కదా అనుకునేవారు. ఇప్పుడు మాత్రం కాత్యాయని రొమ్ములో గడ్డ సంగతి. ఇలాంటివి ఆడవాళ్ళకు నేరుగా చెప్పబోమనీ, ఇంటాయన్ని పంపమనీ ఆసుపత్రివాళ్ళు అన్నారు. డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి అంతా వివరించాడు. అదంతా ఆయన లోపలే ఉంది. బయటికి వచ్చింది, వచ్చేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ అన్న మాట.

"నాన్నా, సరిగ్గా చెప్పు" అంది కూతురు స్ఫూర్తి.

పిలిచారు కనుక చిదంబరం చెప్పులేసుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు. "లిఫ్టు పనిచెయ్యట్లేదు" అన్నాడు.

"వాణ్ణి ఎందుకే అలా తిప్పుతారు? మీ మావగారు ఆ మాత్రం కూడా చెప్పేవారు కాదు" అంది కాత్యాయని అత్తగారు.

కాత్యాయని రికార్డుల కేంద్రానికి ఫోన్ చేసింది.

"ఆయనేం తిరిగివ్వాలని నమోదైంది మేడమ్?" అన్నాడు అక్కడ ఫోనెత్తినతను.

"మాట."

"మాటే వచ్చిందిగా. రకం సరిపోయింది. మా లెక్కలో తప్పు లేదండి."

"నాకు కత్తి పడుతుందో లేదో తెలియాలి బాబూ!"

"స్క్రిప్టు సరిచెయ్యాలంటే ఆయనే నోటితో అడగాలి మేడమ్. లేదంటే, ఏమీ తిరిగివ్వనక్కర్లేని రకంలో వేయించుకోండి. చాలా ఇళ్ళలో అదే. గొడవుండదు."

అందరూ అన్నాలకు కూర్చున్నాక కాత్యాయని చారు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఈయన్ని ఏమీ చెప్పనక్కర్లేని రకంలో వేయించేశాను. రేపు ఆసుపత్రికి ఇద్దరం వెళ్తాం. వాళ్ళకి ఇంటాయన కావాలి కాబట్టి కుర్చీలో ఈయన కూర్చుంటారు. వినేది నేను."

చిదంబరం తల ఊపాడు. ఆయనలో ఏం మారిందో ఎవరికీ తెలియలేదు.

"ఓస్, అంతేనా" అని అత్తగారు అప్పడం విరుచుకుంది.