గ్రిల్లుకు కట్టిన రెండు మూటలు

ఆదివారం ఉదయం అశోక్‌నగర్ నుంచి బయలుదేరినప్పుడు సుధీంద్రకు ఉన్నది ఒకటే పని. తనకు గిటార్ నేర్పిన గోవర్ధన్ సార్ ఎలక్ట్రిక్ గిటార్ మూగబోయింది. తీగల కింద ఉండి మోతను పట్టుకునే పికప్‌లు పాడయ్యాయి. వాటిని తీసి కొత్తవి బిగించాలి. సార్ పోయి వారం. సాయంత్రం నారాయణగూడలో సంతాప సభ.

"ఒక్క పాట చాలు తమ్మీ," అంది సార్ కూతురు నళిని. "బాపు మోత ఇంకొక్కసారి వినాలె. గంతే."

చిక్కడపల్లిలో సార్ ఇంటి వరండాలో సుధీంద్ర పాత పికప్‌లు ఊడదీసి నేల మీద పెట్టబోయాడు.

"బాపు వస్తువులు కింద పెడ్తవా? జర ఆగు."

నళిని తెల్ల తువ్వాలు ముక్క ఇచ్చింది. సుధీంద్ర మూటకట్టి వరండా గ్రిల్లుకు వేలాడదీశాడు. పక్కనే, అదే తువ్వాలు రెండో ముక్కలో, సార్ అస్థికలున్నాయి. ఇంట్లోకి తేకూడదని అక్కడే కట్టారు. ఎనిమిదింటికి నళిని అన్న నగేష్ కళ్ళు తుడుచుకుంటూ ఒక మూట దించుకుని, గోదావరిలో కలపడానికి బాసర వెళ్ళే కారెక్కాడు.

పదకొండింటికి కొత్త పికప్‌లు బిగిశాయి. గిటార్ పలకలేదు. వైరు గుచ్చే సాకెట్ విప్పితే లోపల చిన్న తీగ ఊడి ఉంది. అతికించగానే గిటార్ గొంతెత్తింది. అంటే పాతవి నిక్షేపంగా ఉన్నాయన్నమాట!

"అక్కా, సార్‌వే మళ్ళీ పెడతాను. ఆయన మోత వాటిలోనే ఉంది."

గ్రిల్లు మీద మిగిలిన మూట దించి విప్పాడు. బూడిద. ఎముకలు.

నళిని ఖాళీ గ్రిల్లు వైపు చూసింది. "మరి అన్న ఏం తీస్కపోయిండు?"

నగేష్ ఫోన్ ఆఫ్. ఇరవై మూడుసార్లు చేశారు. రెండింటికి అతనే చేశాడు.

"మంచిగ అయింది చెల్లే. గోదాట్ల కలిపిన."

"మూట విప్పలేదా అన్నా?" సుధీంద్ర అరిచాడు.

"విప్పబుద్ధి కాలే. చేతికి గట్టిగ తగిలినయ్. బాపు బొక్కలని ఏడ్చిన. ఏమైంది?"

నళిని చెప్పింది.

సాయంత్రం సుధీంద్ర కొత్త పికప్‌లతోనే వాయించాడు. "అచ్చం సార్ మోతే!" అంటూ శిష్యులంతా కళ్ళొత్తుకున్నారు. నళిని ఒక్కతే ఏడవలేదు.

"క్షమించండక్కా. అది సార్ మోత కాదు."

"నాకెర్కే. ముప్పై ఏండ్లు బాపు ఇంట్ల ఏడున్నడు, తమ్మీ? ఆ గిటార్లనే ఉన్నడు. అన్న ఆయన్నే కలిపొచ్చిండు."

మర్నాడు నళిని ఫోన్ చేసి రెండో మూట సంగతి చెప్పి ముహూర్తం అడిగితే, బాసర పంతులు గోత్రం అడగలేదు. ఈసారి విప్పి చూశారా అని అడిగాడు.