మాణిక్యాలరావుగారి బీటా ఫోను

"ముందడుగు వేసినవాడు వెనక్కి చూడకూడదు! వెనక్కి చూసేవాడు రైతుల సంఘానికి అధ్యక్షుడు కాకూడదు!"

అల్లవరం సెంటర్లో టీకొట్టు ముందు నిలబడి మాణిక్యాలరావు చేసిన మహాప్రకటన ఇది. 2009లో కొబ్బరి రైతుల సంఘానికి ఎన్నికలు వచ్చాయి. ఆ సంఘం ఏనాడూ కాయ ధర పైసా పెంచింది లేదు, రాలే పిందెని ఆపింది లేదు. అయినా అధ్యక్షుడికి చేతుల కుర్చీ ఒకటుంది. శుభలేఖల్లో పేరు కింద అచ్చువేయించుకోవడానికి ఒక హోదా ఉంది. పేరు కింద రెండో లైను లేని శుభలేఖ మాణిక్యాలరావు కంటికి కర్మకాండ కార్డులా కనిపిస్తుంది. ఇప్పటికే రెండుసార్లు పోటీచేసి ఓడిపోయాడు. ఈసారీ ఓడితే కట్టుకున్న భార్య కూడా కాఫీ స్టీలు గ్లాసులో కాకుండా ప్లాస్టిక్ కప్పులో ఇస్తుందని ఆయన భయం.

ఆ సమయానికే దోహాలో పనిచేసే బావమరిది నాగసతీష్ సెలవుకొచ్చి ఓ టచ్ ఫోను చేతిలో పెట్టాడు. అరచేతి కంటే వెడల్పు, బొత్తాలు లేవు. చొక్కా జేబులో పట్టక బయటికి తొంగిచూస్తుంది. తొంగిచూడాలనే కదా పెట్టుకోవడం!

మాణిక్యాలరావు అమలాపురంలో సెల్ షాపు నడిపే అనిల్ కుమార్ దగ్గరికి వెళ్ళి కుర్చీలాక్కుని కూర్చున్నాడు.

"ఇందులోకి అన్నిటికంటే కొత్త సాఫ్టువేరు ఎక్కించవయ్యా."

"కొత్తదంటే బీటా అనొకటుందండి. ఇంకా పరీక్షలోనే ఉందండి. తప్పులుంటాయని కంపెనీవాళ్ళు జనానికి వదల్లేదండి."

"జనానికి వదల్లేదా?"

"ఆయ్, లేదండి."

"అయితే అదే వెయ్యి!"

వేశాడు. ఫోను ధగధగలాడింది. బొమ్మలు గిర్రున తిరిగాయి. ఒక్కటే చిన్న లోపం! అవతలివాళ్ళ మాట మాణిక్యాలరావుకి గంట కొట్టినట్టు వినిపిస్తుంది, మాణిక్యాలరావు మాట అవతలికి పొల్లు కూడా పోదు.

ఇంకో జిల్లాలో అయితే ఈ సంగతి మొదటి ఫోనులోనే తేలిపోయేది. "ఏంటయ్యా, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?" అని అడిగేవాళ్ళు. కోనసీమలో పెద్దమనిషి ఫోను చేస్తే "వినపడ్డం లేదండి" అనడం పీట వేసి కూర్చోబెట్టాక మంచినీళ్ళు ఇవ్వకపోవడంతో సమానం. అందుకని ఫోను మీద ఆయన పేరు చూసి అందరూ కాస్సేపు ఆగి, మర్యాదగా "ఆయ్" అన్నారు. మళ్ళీ ఆగి, మళ్ళీ "ఆయ్" అన్నారు. ఊరికే ఆగితే బాగుండదని తమ గోడు తాము చెప్పుకున్నారు. మురుగుకాలవ పూడిపోయిందన్నారు. నల్లి తెగులుకి కాయ గిడసబారిపోతోందన్నారు. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు వినే అలవాటు మాణిక్యాలరావుకి పుట్టుకతోనే లేదు. తన ఉపన్యాసం తాను చెప్పుకుపోయాడు. మధ్యలో వచ్చే "ఆయ్"లు మాత్రం ఏరుకున్నాడు.

"ఊరూరా ఆయ్ అన్నారే కామేశ్వరీ! ఒక్కడు కూడా కాదనలేదు!" అన్నాడు భార్యతో.

"బుల్లిరాజుగారు ఇంటింటికీ తిరుగుతున్నారంటండి. మీరు కూడా ఓసారి..."

"గుమ్మాలెక్కి చెప్పులు అరగదీసుకోవడానికి నేనేమన్నా బుల్లిరాజునా? చేతిలో బీటా ఉంది!"

బుల్లిరాజు ఆయన ప్రత్యర్థి. చేతిలో ఉన్నది పాత బొత్తాల ఫోను. దానికి రబ్బరు బ్యాండు.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓ ఉదయం మాణిక్యాలరావు తోటలోంచి ఇంటికి ఫోను చేశాడు. సంఘం పెద్దలు భోజనానికొస్తున్నారు, పులస దొరికితే పులుసు పెట్టు, దొరక్కపోతే కోడిని కొయ్యి అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అంది కామేశ్వరి. పెద్దలు వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. ఆనపకాయ కూర వచ్చింది. వెనకాలే మజ్జిగ వచ్చింది.

వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళాక ఇల్లెగిరిపోయింది.

"పులస అన్నానా లేదా?"

"ఏమోనండి."

"ఏమోనేంటి? ఆయ్ అన్నావుగా!"

"మీరు ఆ ఫోను పట్టుకున్నకాడి నుంచీ ఒక్క ముక్క వినపడితే ఒట్టండి."

"వినపడకపోతే ఆయ్ అనడమేంటే?"

"మొగుడు ఫోను చేత్తే వినపళ్ళేదని ఎలా అంటారండీ? బాగోదు కదండీ!"

మాణిక్యాలరావు వసారాలో కూలబడ్డాడు. కట్టుకున్నదే ఇలా అంటే, ఊరి మాటేమిటి? నెలరోజుల ప్రచారం గాల్లోకి పోయింది! ఓటు అడిగిన సంగతి ఓటర్లకి తెలీదు!

పరుగున అమలాపురం పోయాడు. షాపులో ఎవరూ లేకుండా చూసి గొంతు తగ్గించాడు.

"పాతది వేసెయ్యవయ్యా."

"వెనక్కి వెళ్ళాలంటే ఫోను మొత్తం తుడిచెయ్యాలండి. సిమ్ములో ఉన్న నంబర్లకేం పర్లేదండి. ఫోటోలు మాత్రం పోతాయండి."

ఫోటోలు! మంత్రిగారి కారు పక్కన నిలబడి తీయించుకున్నది అందులోనే ఉంది. మంత్రిగారు లేరు, కారు ఉంది. ఈ నెలంతా దాన్ని చూపించే పదిమందిలో నెగ్గుకొచ్చాడు. కళ్ళు మూసుకుని "తుడిచెయ్" అన్నాడు.

"పాతదే నయమండి. దాన్ని స్థిరమైన వెర్షను అంటారండి."

ఆ ముక్క జేబులో వేసుకుని సెంటర్లో మళ్ళీ ప్రకటించాడు. "నాది బీటా కాదిప్పుడు! స్థిరం! ఢిల్లీలో కూడా నలుగురి దగ్గరే ఉంది!" జనం అబ్బురంగా చూశారు. వాళ్ళందరి జేబుల్లోనూ ఉన్నవి స్థిరమైనవే!

ఇక ఫోను పట్టుకుని అందరికీ మళ్ళీ చేశాడు. ఈసారి మాట ఖంగున పోయింది. ఎవరింటి పెళ్ళికి తాను కుర్చీలు పంపాడో చెప్పాడు. ఎవరి తండ్రి పోతే అందరికంటే ముందు తాను దండ వేశాడో చెప్పాడు. బుల్లిరాజు తాత ఎవరి తోటలో కాయలు దింపేవాడో చెప్పాడు. అన్నం ముందు కూర్చున్నవాళ్ళ అన్నం చల్లారేదాకా చెప్పాడు. అందరూ "ఆయ్" అన్నారు. మెజారిటీ లెక్క చూసుకోవడం దండగ అనిపించి, శుభలేఖల ప్రెస్సువాడితో రెండో లైను గురించి మాట్లాడేశాడు కూడా!

ఓట్లు వేశారు, లెక్కపెట్టారు. బుల్లిరాజు గెలిచాడు. మాణిక్యాలరావుకి పడ్డవి ఆయన ఓటు, బావమరిది మీద గౌరవంతో పక్కింటివాళ్ళు వేసిన ఓటు.

సంఘం ఆఫీసు మెట్ల మీద వరహాలమ్మ కనిపించింది. పెద్దావిడ, పెద్ద తోట. ఆవిడ చెయ్యి ఎటు ఊగితే ఆ వీధి ఓట్లు అటు పడతాయి.

"పిన్నిగారూ! ఫోనులో ఆయ్ అన్నారు గదండీ! ఇదేనా మర్యాద?"

"మీకే వేద్దామనుకున్నామండి అబ్బాయిగారూ. నిజంగానండి."

"మరి?"

"నెలరోజులు ఫోను చేసి, ఒక్క మాట కూడా అడ్డం రాకుండా మా కష్టాలన్నీ విన్నారండి. కాలవ సంగతి చెప్పేను, విన్నారు. నల్లి సంగతి చెప్పేను, విన్నారు. మా చిన్నాడు నన్ను చూడ్డం లేదని ఏడిచేను, అదీ విన్నారు. ఇంత ఓపికున్న మనిషిని ఈ మండలంలో చూళ్ళేదనుకున్నామండి. వీధంతా మీకేనని మాటిచ్చేసుకున్నాం."

"తరవాతేమైంది?"

"మొన్న మాట్లాడేరు కదండీ."

మాణిక్యాలరావు జవాబు చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది గాని మాట పెగల్లేదు. ఆవిడ కాస్సేపు ఎదురుచూసింది. ఇంకా ఏమీ రాకపోయేసరికి ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఇదిగో, ఇలా ఉండండి బాబూ. వచ్చేసారి ఓట్లన్నీ మీకేనండి!"